చప్పుడు ఇంకా రాలేదు

హాలు కిటికీ అద్దాలకు మళ్ళీ టేపు! ఈ మూల నుంచి ఆ మూలకు, ఇంటూ గుర్తుల్లా.

ఇంటావిడకు ఒళ్ళు మండింది. మేడమీద గదిలో అద్దెకుంటున్న ముసలాయన్ని కేకేసింది.

“ఏమండీ, కిటికీకేమైనా కాలు విరిగిందా? ఈ కట్లేంటి?”

“ఉండనివ్వమ్మా. పిల్లలున్న ఇల్లు.”

“పిల్లలుంటే? అద్దాలకు జలుబు చేస్తుందా?”

ఆమె పిల్లలిద్దరూ పకపకా నవ్వారు. ఆయనకు ‘టేపుల తాతయ్య’ అని పేరు పెట్టింది వాళ్ళే.

“మీ గదిలో ఏం అతికించుకున్నా ఊరుకున్నాను. ఇక నా వల్ల కాదు. చీకటి పడేలోపు ఖాళీ చెయ్యండి.”

ముసలాయన సంచీ సర్దుకోవడానికి పైకి వెళ్ళాడు.

ఆమె వేడినీళ్ళు, కత్తి తెచ్చుకుని, తిట్టుకుంటూ టేపంతా గీకేసింది. పైమూల అద్దం ఒక్కటీ చెయ్యందక వదిలేసింది.

పొద్దు గూకింది. ఆయన సంచీతో మెట్లు దిగుతుండగా వీధంతా పట్టపగలైపోయింది.

“అమ్మా! చుక్క రాలుతోంది! ఎంత పెద్దదో!”

ఇళ్ళ కప్పుల మీదుగా ఓ నిప్పుముద్ద తెల్లగా మండుతూ వెళ్ళి, చడీచప్పుడూ లేకుండా పగిలి ఆరిపోయింది. తల్లీపిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి పొగచారను చూస్తున్నారు.

ముసలాయన సంచీ పారేసి లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

“కిటికీ వదలండి! చప్పుడు ఇంకా రాలేదు!”

“ఏం చప్పుడండీ? నక్కతోక తొక్కారు నా పిల్లలు, చూడనివ్వండి.”

ఆయన వినలేదు. పిల్లలిద్దర్నీ రెక్క పుచ్చుకుని లాగి, గోడవార పడేసి, మీద బోర్లా పడుకున్నాడు. పిల్లలు గొల్లుమన్నారు.

“వదులు! నా బిడ్డల్ని వదులు!”

ఆమె వంగి ఆయన వీపు మీద పిడికిళ్ళతో గుద్దింది. ఆయన చెయ్యి చాచి ఆమెను కూడా కిందికి లాగి, తన ఒళ్ళు అడ్డం పెట్టాడు.

అప్పుడొచ్చింది చప్పుడు. ఇల్లు అదిరింది. అద్దాలు ముక్కలై హాల్లోకి దూసుకొచ్చాయి.

పిల్లల ఒంటిమీద గీత కూడా పడలేదు. ముసలాయన మాత్రం లేవలేదు. మెడలో చెయ్యంత గాజుముక్క దిగి ఉంది.

పైమూల అద్దం ఒక్కటే, పగిలినా టేపుకు అతుక్కుని అలాగే నిలబడింది. దాన్ని చూసి ఇంటావిడ కుప్పకూలి ఏడ్చింది.

మర్నాడు ఆయన్ని తీసుకెళ్ళడానికి చెల్లెలు వచ్చింది.

“కన్నబిడ్డల్లా కాపాడాడమ్మా,” అంది ఇంటావిడ ఆమె చేతులు పట్టుకుని. “ఆయనకు పిల్లలు లేరా?”

“ఇద్దరుండేవాళ్ళు. యుద్ధంలో మా ఊరి చివర మొదటి బాంబు పడ్డప్పుడు, వెలుగు ఎంత బాగుందో చూద్దురుగాని రండని వాళ్ళను కిటికీ దగ్గరకు పిలిచింది అన్నయ్యే.”