ఎనిమిదో నిమిషం

"ఆ మూడోది మాత్రం బయటికి రాకూడదు," అంది ఆవిడ, పెన్ను బల్ల మీద పడేసి.

రికార్డుల కంపెనీ మేనేజరు మొహం మాడిపోయింది. ముప్పై ఏళ్ల కిందట ఒక హోటల్ హాల్లో వరసగా మూడు సాయంత్రాలు జరిగిన కచేరీల టేపులవి. వాయించింది ఆవిడ భర్త, పేరు మోసిన జాజ్ పియానిస్టు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ టేపులు ఇంతవరకూ బయటివాళ్లెవరూ వినలేదు. ఆవిడ సంతకం పెడితేగాని రికార్డు విడుదల కాదు.

"మొదటి రెండూ ఏం పాపం చేశాయి? అవి వెయ్యండి."

"బాగానే ఉన్నాయమ్మా. కానీ రెండూ ఒకే దారిలో పోయాయి. మూడో రోజు ఆయన కట్లు తెంచుకున్నారు. ఎనిమిదో నిమిషం వినండి."

అతను మీట నొక్కాడు. నెమ్మదిగా నడుస్తున్న పియానో ఉన్నట్టుండి ఆగిపోయింది. హాల్లో ఎవరో దగ్గారు. కాసేపటికి ఎక్కడో పైన ఒక్క స్వరం. మళ్లీ అదే స్వరం. ఆ తర్వాత రెండు చేతులూ పూనకం వచ్చినట్టు పరుగెత్తాయి. చప్పట్లతో టేపు దద్దరిల్లింది. మేనేజరు కళ్లు తుడుచుకున్నాడు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం ముందు వరసలో కూర్చుని విన్నప్పుడూ ఇదే మంట. ఇంటికొచ్చాక వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

"దిక్కుమాలిన వాయింపు," అంది.

పక్కనున్న మరిది ఉలిక్కిపడ్డాడు. అటక మీది టేపులు దింపి కంపెనీకి చేరవేసింది అతనే.

"అదేంటొదినా! అన్నయ్య పేరు నాలుగు కాలాలు నిలబడుతుంది. సంతకం పెట్టెయ్యి."

"నువ్వు నోరు ముయ్యి. నాతో మాట మాత్రమైనా అనకుండా టేపులు పట్టుకొచ్చిన పెద్దమనిషివి!"

మేనేజరు ఓపిక తెచ్చుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టాడు. "అమ్మా, మీరు తెలియక అంటున్నారు. జాజ్ అంటే ముందే రాసుకుని అప్పజెప్పేది కాదు. స్టేజీ మీద అప్పటికప్పుడు పుడుతుంది. ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ, అక్కడ ఆయన దేనికోసమో వెతుకుతున్నారు. అది మనలాంటివాళ్లకి అందదు."

ఆవిణ్ణి చల్లబరుద్దామని రికార్డు అట్ట నమూనా ముందుకు తోశాడు. "వెనకవైపు మీ గురించి కూడా వేశామమ్మా."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది. 'ఆయన సాధనకు ఆటంకం కలగకుండా, వేళకు టీ అందించిన సతీమణికి కృతజ్ఞతలు.'

ఇన్నేళ్లూ దిగమింగిన కోపం తన్నుకొచ్చింది. అట్టని రెండు ముక్కలు చేసి బల్లకేసి కొట్టింది. మరిది కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"వెతికాడయ్యా, నిజమే," అంది లేచి నిలబడి. "నేను రాసిచ్చి, పదిహేను రోజులు పక్కన కూర్చుని బట్టీ పట్టించిన నాలుగో పేజీ మర్చిపోయి, అది గుర్తురాక వెతికాడు మీ మహానుభావుడు!"