గడియ

ఎదురు అరుగు మీద ఆ ముసలాయన మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

ఆమె కుట్టుమిషను ఆపి కిటికీ తెర సందులోంచి చూసింది.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడుకి ఆమె గుండెల్లో రాయి పడింది. అచ్చం ఆమె భర్త చేసే చప్పుడే. కొట్టబోయే ముందు అలాగే సవరించుకునేవాడు.

పాము కరిచినవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడంటారు. ఈమెని కరిచింది మామూలు పాము కాదు. పిల్లని చంకనేసుకుని పారిపోయి వచ్చేసిందిగానీ, "ఎక్కడ దాక్కున్నా వచ్చి చంపుతా" అన్న మాట ఆమె వెంటే వచ్చింది.

పైగా ఇది ఆగమన కాలం. క్రిస్మస్ దాకా చర్చిలో ఆదివారానికో కొవ్వొత్తి వెలిగిస్తారు.

"మెలకువగా ఉండండి! వచ్చేవాడు ఏ గడియలో వస్తాడో మీకు తెలియదు" అన్నారు పాస్టరుగారు.

అందరూ సంతోషంగా ఆమేన్ అన్నారు. ఈమెకి మాత్రం ముచ్చెమటలు పోశాయి.

ఇంట్లోనూ మిషను బల్ల మీద కొవ్వొత్తి పెట్టింది.

"అమ్మా, ఎవరొస్తారని వెలిగిస్తున్నాం?" అంది కూతురు.

"యేసయ్య."

"నాన్న రాడుగా?"

"రాడమ్మా" అంది. అన్నాక, వీధి తలుపు తాళం మరోసారి లాగి చూసుకుంది.

క్రిస్మస్ నాటకంలో దేవదూతలకి తెల్ల అంగీలు కుట్టమని ఆమెకి గుడ్డ ఇచ్చింది పాస్టరమ్మ. ఎంతవరకు వచ్చాయో చూడ్డానికి వచ్చి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

"మీ ఆయన వైపు పెద్దవాళ్ళెవరూ లేరా, వాడికి బుద్ధి చెప్పడానికి?"

"లేరమ్మగారూ. అత్తగారూ మామగారూ మా పెళ్ళికి ముందే పోయారని ఆయనే చెప్పాడు."

ఓ సాయంత్రం చెత్త పారేయడానికి ఇంటి చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళింది. తన వంటింటి వెనక తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు ముసలాయన!



ఆయన చెయ్యి తీసేసి వెనక్కి జరిగాడు. "గడియ చూసుకో తల్లీ" అన్నాడు మెల్లగా.

చెత్తబుట్ట అక్కడే పడేసి, పరుగున వెళ్ళి కిరాణా కొట్టు బాబాయి ముందు పడింది.

"గడియ చూసుకో అన్నాడా? అంటే నీ గడియ దగ్గరపడిందనేగా! వీడి తస్సాదియ్యా, మన వీధికొచ్చి మన పిల్లనే బెదిరిస్తాడా?"

నలుగురూ కలిసి ముసలాయన చొక్కా పట్టుకున్నారు.

"ఎవడివయ్యా నువ్వు? ఎవరు పంపారు?"

"చెప్పుకోడానికి మొహం లేదు బాబూ."

"విన్నారా? దొంగే ఒప్పుకున్నాడు! ఇంకోసారి ఈ చుట్టుపక్కల కనబడ్డావో, కాళ్ళు విరగ్గొడతాం!"

ముసలాయన తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆమె చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

నాలుగో ఆదివారం సాయంత్రం. నాలుగో కొవ్వొత్తి వెలిగించడానికి అగ్గిపుల్ల గీసింది.

వెనక తలుపు ఒక్కసారి అదిరింది. పుచ్చిన చెక్కలోంచి మేకులతో సహా గడియ ఊడి నేల మీద పడింది.

గుమ్మంలో భర్త. చేతిలో కత్తి.

"దొరికావే" అంటూ గొంతు సవరించుకున్నాడు.

ఆమె కూతుర్ని వెనక్కి లాక్కుంది.

అంతలో సందులోంచి ఎవరో దూసుకొచ్చి అతన్ని వెనకనుంచి వాటేసుకున్నారు. ఆ ముసలాయనే.

"పారిపో తల్లీ! పిల్లని తీసుకుని పో!"

ఆమె వీధిలోకి పడి కేకలు పెట్టింది. బాబాయీ నలుగురూ వచ్చి భర్త చేతులు విరిచి పట్టుకునేసరికే ముసలాయన నేల మీద ఉన్నాడు. దేవదూతల అంగీలు ఎర్రగా తడిసిపోయాయి.

ఆయన చూపు ఊడిపడిన గడియ మీదే ఉంది.

"చెప్పాను కదమ్మా... చూసుకోమని..."

ఆయన చెప్పింది ఏ గడియో ఆమెకప్పుడు అర్థమైంది. బాబాయి ఎవరి మొహమూ చూడలేక గోడవైపు తిరిగాడు.

అంబులెన్స్ అతను నాడి పట్టుకు చూశాడు. కాసేపటికి చెయ్యి వదిలేసి, మొహం మీదకి దుప్పటి లాగాడు.

"ఎవరమ్మా ఈయన?" అడిగాడు ఎస్సై.

"తెలీదండీ" అంది ఆమె వెక్కుతూ. "ఎవరో, ఏమీ కానివాడు. మాకోసం..."

బేడీలతో జీపు ఎక్కబోతున్న భర్త ఆగి, ఆ దుప్పటి వైపు చూస్తూ, చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు: "మా నాన్నకేం కాలేదు కదా?"