మధ్యలో గుటక

మార్చి పద్నాలుగు, మంగళవారం ఉదయం. అన్నవాహిక పరీక్షగదిలో హాజరైనవారు ఇద్దరు: పెద్దాయన, నర్సు. ‘రోగి వెంట వచ్చినవారు’ అన్న గడిలో ఆమె అడగకుండానే అడ్డగీత గీసింది.

ముద్ద గుండెల దగ్గర ఆగిపోతోందంటూ ఆయన రావడం ఇది మూడోసారి. మనిషి సగమయ్యాడు. జబ్బేమిటో తేల్చవలసింది ఈ పరీక్షే. మొదటిసారి కాఫీ తాగి వచ్చాడు. రెండోసారి, మానేయమన్న మాత్ర వేసుకుని వచ్చాడు. రెండుసార్లూ పరీక్ష చెల్లలేదు.

“నిజం చెప్పండి బాబాయ్‌గారూ, రాత్రి ఏం తిన్నారు?”

“రెండు రొట్టెముక్కలు.”

“అంతేనా? పిచ్చుకలు నయం! మరి పొద్దున?”

“పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు తల్లీ.”

“మాత్ర?”

“దాని మొహం చూడలేదు.”

“హమ్మయ్య! ఇన్నాళ్ళకి దారికొచ్చారు.”

సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి దించసాగింది. వంచమని చెప్పకముందే ఆయన గడ్డం వంచాడు.

“ఇంత బుద్ధిగా గొట్టం వేయించుకునేవాళ్ళని నేను చూళ్ళేదు,” అంది ఆమె. “ఇక నేను మింగమన్నప్పుడే మింగాలి. మధ్యలో గుటక వేశారో, తెరమీద గీతలన్నీ గందరగోళమే.”

ఆయన తలూపాడు. వెంటనే గుటక వేశాడు.

“బాబాయ్!”

మళ్ళీ వేశాడు. ఆమె ఆయన భుజం మీద చెయ్యివేసి, చంటిపిల్లాణ్ణి బుజ్జగించినట్టు బుజ్జగించింది. ఆయన కళ్ళు మూసుకుని ఇంకో గుటక వేశాడు.

తెరమీద గీతలు కోడి కెలికినట్టయ్యాయి. ఆమె గొట్టం తీసేసింది.

“ఇదే ఆఖరన్నారు డాక్టరుగారు. లోపల ఏముందో తెలియకుండా మందెలా ఇస్తారు? రేపు మీకేమైనా అయితే?”

ఆయన తల దించుకున్నాడు. “ఇంకొక్కసారి, తల్లీ.”

ఆమె విసవిసా బయటికి వెళ్ళింది. చాలాసేపటికి ఒక కాగితంతో తిరిగొచ్చింది.

“కాళ్ళావేళ్ళా పడితే వచ్చే మంగళవారం రమ్మన్నారు. ఈసారీ చెడగొట్టారో, మీతో మాట్లాడను.”

అని, కాగితంలోని నియమాలన్నీ మొదటినుంచీ చదివి వినిపించింది. ఖాళీకడుపు, మాత్ర, గుటక. ఆయన ఒక్క మాటా పోనీయకుండా విన్నాడు. అడుగున సంతకం పెట్టి, నాలుగు మడతలు వేసి, పైజేబులో భద్రపరుచుకున్నాడు.

వేరే ఆస్పత్రిలో ఇదే గొట్టం వేస్తూ, ‘రాత్రి ఏం తిన్నారు?’ అని ఉద్యోగమున్నన్నాళ్ళూ రోగులను అడిగిన ఆయన్ని, రిటైరయ్యాక ఆ మాట అడిగింది ఈ పిల్ల ఒక్కతే.