తోక కొరికేసుకున్న పందికొక్కు

గడ్డి తప్ప తినవని అడవిలో గింజల కొట్టు కాపలా కుందేళ్లకే ఇచ్చారు. అయినా గింజలు తరుగుతూనే ఉండేవి.

ఒక పందికొక్కు తన తోక తానే కొరికేసుకుని, చెవులు సాగదీసుకుని, గెంతడం నేర్చుకుని ఆ ఉద్యోగం సంపాదించింది. కానీ దానికి కంటి మీద కునుకు లేదు. ఎవరు నవ్వినా ఉలిక్కిపడి వెనక తడుముకునేది.

ఒకరోజు తల్లి వెతుక్కుంటూ వచ్చింది. "నాయనా, నీ తోకేదిరా?"

"ఎవరే నువ్వు? పో అవతలికి!" అని పందికొక్కు కసిరి తరిమేసింది.

అదంతా కాపలా పెద్ద అయిన ముసలి కుందేలు చూసింది. పందికొక్కు చప్పున వీపు గోడకి ఆనించి నిలబడింది.

ముసలిది నోట్లో గింజలు నములుతూనే దగ్గరికొచ్చింది.

"భయపడకురా అబ్బాయ్. ఆ పుండుకి కాస్త పసుపు పెట్టు. మా అమ్మ కూడా మొదట్లో ఇలాగే వచ్చేది. నాలుగుసార్లు తరిమితే ఇక రాదులే."