రాణవ్వకు కానుక

తెర మీద, కోట గుమ్మంలో కూర్చున్న రాణవ్వ మరోసారి కత్తి దూసింది. నిమాకో ఆడిస్తున్న వీరుడు మళ్ళీ చచ్చాడు.

“చూశావురా అసాంటే! కానుక తెచ్చి చేతికిస్తే నరుకుతుందట! మన కుమాసీ ఊళ్ళో ఏ అవ్వైనా ఇలా చేస్తుందా? మన గడప తొక్కని వెధవెవడో చేసుంటాడీ ఆట!”

అదే మాట ఫోన్లో అందరికీ కనపడేలా పెట్టేశాడు. ఆట విడుదలై ఒక్క పూట కాలేదు. పక్కనున్న అసాంటే జవాబులు చదువుతున్నాడు. “అందరిదీ ఇదే ఏడుపురా. ఒక్కడూ ఈ ముసలిదాన్ని దాటలేదట.”

సెర్వా పిన్ని అల్లం, కారం దట్టించిన అరటి వేపుడు తెచ్చింది. కుడిచేయి బటన్ల మీద నుంచి తీయకుండా, చూపు తిప్పకుండా, నిమాకో పళ్ళెం కోసం ఎడమచేయి చాచాడు.

ఆ చేతి మీద ఫట్‌మని ఒకటి పడింది.

“నాకు ఎడమచెయ్యి చాస్తావట్రా? నీ ఈడుదాన్నా నేను? ఆ దిక్కుమాలిన ఆటలో పడి చిన్నాపెద్దా మరిచిపోయావా?”

“తప్పయింది పిన్నీ...” అంటూనే నిమాకో ఆగిపోయాడు. తెర మీద వీరుడు మళ్ళీ రాణవ్వ ముందు నిలబడి ఉన్నాడు. కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో కానుక.

కత్తిని ఒరలో పెట్టే బటన్ ఎక్కడుందో వెతికి నొక్కాడు. కానుక కుడిచేతికి మారింది. రాణవ్వ దాన్ని అందుకుని, లేచి దారిచ్చింది.

అసాంటే ఫోన్లోంచి తల ఎత్తలేదు. “ఇదిగో, మన వీధివాడే ఇంకొకడు. నువ్వన్నది అక్షరాలా నిజమట. మన పద్ధతులు తెలీనివాడే చేశాడట.”

“ఆపరా ఇక!” నిమాకో గొంతు చించుకున్నాడు. “ఊరు ఊరంతా కలిసి అవ్వకి ఎడమచేత్తో ఇచ్చాంరా!”