నూకాలమ్మ నవ్విన రోజు

హలో, నా గొంతు వినబడుతోందా? అన్నాలు అయ్యాయా అందరివీ? అయితే ఫోను కాసేపు చెవి దగ్గరే ఉంచండి. మా ఖిదిర్‌పూర్ సంగతి ఒకటి చెబుతాను. కలకత్తాలో ఎర్రజెండాల ప్రభుత్వం కొత్తగా వచ్చిన రోజులవి.

తెలుగు బస్తీలో నూకాలమ్మ అమ్మవారి పండగ. డప్పులు మోగుతున్నాయి.

ఎవరో కొత్త మనిషి సందులోకి వచ్చాడు. కాళ్ళు ఎడంగా వేస్తూ, పడవ మీద నిలబడ్డవాడిలా ఊగుతున్నాడు. ఏదో అడుగుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది.

“తాగొచ్చినాడేటి?” అన్నాడు గురువులనే బస్తీ మనిషి.

బస్తీ పెద్ద బైరాగి, ఆ మనిషి దగ్గరకెళ్ళి నోరు వాసన చూశాడు.

“సారా కంపు నేదర్రా! అమ్మోరు పూనింది!”

అంతే. చేతిలో వేపమండలు పెట్టారు. నెత్తిన పసుపు నీళ్ళు పోశారు.

“ఒలే కామాక్షీ, రాయే! నీ మొగుడి సంగతి అడుగు!”

కామాక్షమ్మ పరుగెత్తుకొచ్చింది. పోయిన వానల్లో ఆమె భర్త సోములు, బడ్జ్ బడ్జ్ రేవులో సరుకు పడవ మీంచి గంగలో పడిపోయాడు. శవం దొరకలేదు. బొట్టు తీసెయ్యమని పెద్దలు పోరుతున్నారు. ఆమె తియ్యనంటోంది.

“తల్లీ! నా సోములు బతికున్నాడా? వస్తాడా?”

ఆ మనిషి ఆమె వైపు చూశాడు. పెదవులు వంకరపోయాయి.

పకపకా నవ్వాడు. ఆపుకోలేక నవ్వాడు.

“అమ్మోరు నవ్విందర్రా! వొచ్చెస్తాడే నీ మొగుడు!”

కామాక్షమ్మ అతని కాళ్ళ మీద పడిపోయింది. వద్దు వద్దంటూ అతను వణికే చేతులు ఊపాడు.

“అమ్మోరికి మొక్కు తక్కువైనట్టుంది, ఇంకో కోడిని తెండి!” అన్నాడు బైరాగి.

ఆ రోజు నుంచి కామాక్షమ్మ చేతినిండా గాజులు వేసుకుంది. రోజూ సోములుకిష్టమైన ఎండుచేపల పులుసు వండి గుమ్మంలో కూర్చునేది.

పండగైన కొన్నాళ్ళకి ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. డప్పుల్లేవు. అదే ఊగుడు.

“పండగెల్లిపోయినా పూనకమేటిరా, నాటకాలోడా?” గురువులు ఎగతాళి చేశాడు. “వాసన రాని సరుకేటో కొట్టినట్టున్నాడు!”

అతను నేరుగా కామాక్షమ్మ గుమ్మం ముందుకెళ్ళాడు.

“సో... ములు...” అన్నాడు. ఆమె ముఖం చూడగానే మళ్ళీ అదే నవ్వు.

“నా మొగం సూసి నవ్వుతావేటిరా? నా పుస్తెలతో ఆటలా నీకు?”

రెండు చేతులా తోసేసింది.

అసలే నిలకడ లేని మనిషి. వెల్లకిలా పడ్డాడు. గుమ్మం రాయికి తల కొట్టుకుంది.

ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరు బయటికొచ్చి, పోయాడని చెప్పాడు.

“బాగా తాగున్నాడు గదా డాక్టర్‌బాబూ?” అన్నాడు బైరాగి.

“చుక్క కూడా లేదు దాదా. తల వెనక పాత దెబ్బ ఉంది. చిన్న మెదడు ఉండేది అక్కడే. ఒంటిని తూలకుండా నిలబెట్టేది అదే. పెద్ద మెదడుకీ దానికీ మధ్య తీగల్లాంటి దారులుంటాయి. మనసులో పుట్టింది ముఖం మీదకి ఎలా రావాలో సరిచూసేదీ ఆ దారులే. అవి తెగితే నడకే కాదు, మనిషి తీరే మారిపోతుంది. కొందరికి ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చేస్తుంది.”

కామాక్షమ్మ డాక్టరు ముందుకొచ్చింది.

“అయితే బాబూ... నానడిగినప్పుడు నవ్వినాడు గదా?”

“ఏడ్చి ఉంటాడమ్మా.”

ఇంతలో బస్తీలో వాకబు చేసుకుని అతని భార్య దాలమ్మ ఆసుపత్రికి వచ్చింది. శవాన్ని చూసి కూలబడిపోయింది.

“ఏ ఊరమ్మా మీది?” అడిగాడు బైరాగి.

“బడ్జ్ బడ్జ్, బావూ. జూటు మిల్లోలం. నాను పోయి సెప్పొస్తానంటే ఇన్నాడు కాడు. ఆయమ్మకి నానే సెప్పాలన్నాడు.”

“ఏటి సెప్పాలని?”

పక్కనున్నది ఎవరో తెలియని దాలమ్మ, కామాక్షమ్మ భుజం మీదే తల వాల్చి ఏడ్చింది.

“సోములని ఒకాయన గంగలో ములిగిపోతంటే ఎనకాలే దూకినోడు మా ఆయనొక్కడేనమ్మా, పడవ తలెనక గుద్దినా ఆ సెయ్యి ఒదల్నేదంట, తెలివి తప్పినాకే జారిపోయిందంట.”

ఉంటానండి. ఫోను పక్కన పెట్టేముందు ఇది ఇంకొక్కరికి పంపండి. దారిలో తూలుతున్న మనిషి కనబడితే, వాళ్ళైనా ఆగి “ఏటి బావూ” అని అడుగుతారేమో.