ఇరుకు సీటు

“అన్నయ్యా, కాస్త చెయ్యి అందించు. ఇరుక్కుపోయాను.”

పెద్దల్లుడు గ్యారేజీలోకి తొంగిచూశాడు. చిన్నల్లుడు తన కారుకి తానే బిగించుకున్న రేసు సీటులో, సీసాలో బిరడాలా కూరుకుపోయి ఉన్నాడు. జిమ్‌లో పెంచిన భుజాలు అటూ ఇటూ కదలడం లేదు.

పెద్దల్లుడి కడుపు చల్లబడింది. ఆ కండల్నీ, ఆ కారునీ అత్తగారు వచ్చేపోయేవాళ్ళకి చూపించి మురిసిపోతుంటే ఇన్నాళ్ళూ కుతకుత ఉడికింది తనే.

“కండలు కావాలో కారు కావాలో ముందే తేల్చుకోవాల్సింది. ఉండు, అత్తయ్యని పిలుస్తాను. ఆవిడా చూడాలిగా!”

“వద్దన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ‘పెద్దల్లుణ్ణి చూసి నేర్చుకో’ అంటూనే ఉంది. నీ ముందు తీసికట్టయిపోతున్నాననే పొద్దున జిమ్మూ, సాయంత్రం కారూ తలకెత్తుకున్నాను.”

గుమ్మం వైపు తిరిగిన పెద్దల్లుడు ఆగిపోయాడు. తనతో ఆవిడ ఎప్పుడూ అనేది ‘చిన్నల్లుణ్ణి చూడు’ అనే.

బయట అత్తగారి చెప్పుల చప్పుడైంది. “లోపల ఏం చేస్తున్నారు బాబూ?”

అతను గబుక్కున తలుపు దగ్గరికేశాడు.

“మేమిద్దరం పనిలో ఉన్నాం అత్తయ్యా, ఇప్పుడే రాకండి!” అని కేకేసి, తోడల్లుడి చంకల కింద చేతులు వేశాడు. “ఊపిరంతా వదిలెయ్, లాగుతున్నాను.”